కిటికీ మూసి చెప్పిన పాఠం

ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో దహనం పాఠంలో ఒక పట్టిక ఉంటుంది. కిలో ఇంధనం పూర్తిగా కాలితే ఎంత వేడి వస్తుందో చెప్పే పట్టిక అది. పిడకలు 6,000 నుంచి 8,000 కిలోజౌళ్లు, కట్టె 17,000 నుంచి 22,000, బొగ్గు 25,000 నుంచి 33,000, ఎల్పీజీ 55,000, ఆఖర్న అందనంత ఎత్తులో హైడ్రోజన్ 1,50,000. ఎన్‌సీఈఆర్‌టీ అచ్చువేసిన ఈ అంకెల్ని మేము, అంటే సైన్సు టీచర్లం, ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఎక్కించాం. పిల్లలు నోట్సులోకి దించుకున్నారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న: ‘కట్టె కంటే బొగ్గు మేలైన ఇంధనం. ఎందుకు?’ జవాబు ఒక్క వాక్యం: ‘బొగ్గు కెలోరిఫిక్ విలువ ఎక్కువ కాబట్టి.’ ఆ వాక్యానికి రెండు మార్కులూ వేసి పేపరు తిప్పేశాం.

మామూలు ఊళ్లలో ఇలా చెప్పామంటే సరిపెట్టుకోవచ్చు. ఇల్లందులో, కొత్తగూడెంలో, మందమర్రిలో, గోదావరిఖనిలో కూడా ఇలాగే చెప్పాం. తరగతిలో సగం మంది పిల్లల నాన్నలు బొగ్గుబాయికి పోయొచ్చేవాళ్లు. బడి పక్కనుంచి బొగ్గు వ్యాగన్లు పోతుంటే వాటి చప్పుడు తగ్గేదాకా పాఠం ఆపేవాళ్లం, మళ్లీ ఆ పట్టికే మొదలుపెట్టేవాళ్లం. ఆ వ్యాగన్లలో ఉన్న బొగ్గు మా పట్టికలో ఉందా అని ఒక్కసారి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

చూసుంటే ఏం తెలిసేది? 2012 జనవరి 1 నుంచి మన దేశంలో బొగ్గును అది ఇచ్చే వేడిని బట్టి జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడులు కట్టి అమ్ముతున్నారు. జీ-1 అంటే కిలోకు 7,000 కిలోకేలరీలు దాటినది. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టుకు మూడొందల చొప్పున దిగుతూ పోతుంది. పుస్తకంలో బొగ్గుకు రాసిన కనీస విలువ 25,000 కిలోజౌళ్లను కిలోకేలరీల్లోకి మారిస్తే ఆరు వేలకు ఓ పాతిక తక్కువ. అది జీ-5. అంటే జీ-6 మొదలుకొని కింది గ్రేడుల బొగ్గేదీ పుస్తకం లెక్కలో బొగ్గే కాదు. మన థర్మల్ కేంద్రాలకు వెళ్లే సరుకులో ఎక్కువ భాగం అంతకు కిందిదే. జీ-11 బొగ్గు తీసుకోండి: 4,000 నుంచి 4,300 కిలోకేలరీలు, అంటే 17,000, 18,000 కిలోజౌళ్ల దగ్గర. పట్టికలో కట్టెకు రాసిన గడిలో కింది అంచున కూర్చుంటుంది. జీ-13 ఆ గడిలోకి కూడా రాదు, కట్టె కంటే దిగువన పడుతుంది.

ఇది రహస్యమేమీ కాదు. బొగ్గు లోడింగు జరిగే సీహెచ్‌పీలో పనిచేసే ఏ తండ్రిని అడిగినా ఆ రోజు ఏ గ్రేడు లోడయిందో చెప్పేవాడు. పిల్లల్ని అడిగి రమ్మంటే సరిపోయేది. పుస్తకం బయటి అంకె తెచ్చిన పిల్లవాడికి మార్కులెలా వెయ్యాలో తెలియని టీచర్లం మేము.

బొగ్గులో వేడి ఎందుకు తక్కువో చెప్పడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. బొగ్గు పట్టణాల్లో ఇంటింటా కుంపట్లు ఉన్న కాలంలో పొద్దున్నే వాటిని దులిపేవాళ్లు. మంచి బొగ్గయితే పొడి రాలేది. నాసిరకమైతే వేసిన పెళ్ల వేసినట్టే, అదే సైజులో, అదే ఆకారంలో, నలుపు పోయి బూడిదరంగు తిరిగి బయటికొచ్చేది. వేళ్ల మధ్య నలిపితే పొరలు పొరలుగా విడిపోయేది. ఆ పొరలు మన్ను. గోండ్వానా కాలంలో, పాతిక కోట్ల ఏళ్లకు వెనక, ఈ గోదావరి లోయలో చెట్లూ ఆకులూ నీళ్లలో కుళ్లి పేరుకుంటున్నప్పుడు వరదలు తెచ్చిన ఒండ్రు వాటితో కలగలిసిపోయింది. పైపైన అంటిన మట్టి అయితే కడిగితే పోయేది. ఇది బొగ్గు పుట్టుకలోనే కలిసిన మట్టి, కడిగినా సగం సగమే వదులుతుంది. మన బొగ్గులో నూటికి ముప్పై అయిదు, నలభై పాళ్లు బూడిద మిగలడం మామూలు విషయం. మంచి తుమ్మ కట్టె కాలితే మిగిలేది నూటికి ఒకటో రెండో పాళ్లు.

పిల్లలు ఆ బూడిద పెళ్లలు జేబుల్లో వేసుకొచ్చి తరగతిలో సుద్దముక్కల్లా గీసేవాళ్లు. చేతులు కడుక్కోమని గదిమేవాళ్లం. పాతిక కోట్ల ఏళ్ల పాఠం వాళ్ల జేబుల్లో ఉంది, మా చేతిలో బెత్తం ఉంది.

ఈ మట్టినే మనం రైళ్లకెత్తి తిప్పుతున్నాం. ఒక గూడ్సు రేకులో దాదాపు నాలుగు వేల టన్నుల బొగ్గు పడుతుంది. నలభై పాళ్ల బూడిద లెక్కన అందులో పదహారు వందల టన్నులు ఉత్త మన్ను. డీజిలూ కరెంటూ పోసి వందల కిలోమీటర్లు మోసుకుపోయి, బాయిలర్లో వేడిచేసి, బయటికి తీసి చెరువులో పోస్తాం. వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్లే బొగ్గులో బూడిద 34 శాతం మించకూడదని 1997లో కేంద్రం నియమం పెట్టింది. తర్వాత ఆ దూరాన్ని తగ్గిస్తూ బిగించింది కూడా. 2020 మే 21న, జనం లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్నప్పుడు, ఆ నియమాన్ని ఎత్తేసింది. ఎత్తేస్తే ఎత్తేసింది, సైన్సు చెప్పే లక్షల మందిలో ఎవరికైనా పట్టిందా? జూమ్‌లో ఆన్‌లైన్ క్లాసులు ఎలా తీసుకోవాలో నేర్చుకునే హడావిడిలో ఉన్నాం.

బొగ్గు సంగతి ఇలా ఉంటే, కట్టె విషయంలో మేము చేసింది ఇంకా పెద్ద తప్పు. ఎందుకంటే అది కళ్ల ముందు, కిటికీ అవతలే జరిగింది.

వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003 జనవరిలో వంట మొదలైంది. బియ్యం వచ్చాయి. వంటగది రాలేదు. చాలా బళ్లలో తరగతి గది వెనక గోడకు ఆనించి రెండు రేకులు దించి, మూడు రాళ్లు పెట్టి, డ్వాక్రా సంఘం ఆడవాళ్లకు గుండిగలు అప్పజెప్పారు. గ్యాసుకు వేరే డబ్బు లేదు. పిల్లవాడికి రోజుకు ఇంత అని ఇచ్చే వంట ఖర్చులోనే పప్పూ, నూనే, కూరగాయలూ, పొయ్యిలోకి కట్టెలూ సర్దుకోవాలి. 2009 నాటి కేంద్రం లెక్క ప్రకారం వండే మనిషికి గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. కట్టెలు తూకానికి అమ్మే సరుకు, కాబట్టి పచ్చి కట్టె అమ్మితేనే అడితివాడికి లాభం. వానాకాలం వచ్చిందంటే రేకుల కింద వేసినవి కూడా తడిసేవి.

ఆ రోజుల్లో ఏ బడికి వెళ్లినా పదిన్నర, పదకొండుకి ఒకటే దృశ్యం. వంటామె ఒక కాలు మడిచి, ఒక చెంప నేలకు ఆనేంత వంగి, ఊదుగొట్టంతో ఊదుతుంటుంది. ఊదినప్పుడు నిప్పు ఎర్రబడుతుంది, ఊపిరి తీసుకునేలోగా నల్లబడుతుంది. కట్టె కొసల నుంచి నురగ కారుతుంటుంది. పొగ నేరుగా తరగతిలోకి. పిల్లలు దగ్గుతారు. ఒకరోజు నేను కిటికీలోంచి అన్నాను: “అమ్మా, జర అటు జరిపి పెట్టుకోరాదు? పిల్లలకు పొగ వస్తున్నది.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని అంది: “యాడికి జరపాలె సారూ? కట్టెలు పచ్చియి ఇచ్చిండు. ఎంత ఊదినా అంటుకుంటలేవు.”

కిటికీ మూశాను. నేనొక్కణ్ణే కాదు, మేమంతా మూశాం. ఏ జిల్లా పరిషత్ బడిలో సైన్సు చెప్పిన వాళ్లనైనా అడగండి, కిటికీ మూసిన సంగతి గుర్తుచేసుకుంటారు. మూసి, బోర్డు వైపు తిరిగి, కట్టె 17,000 నుంచి 22,000 అని రాశాం.

ఆమె చెప్పిన మాటలో ఉన్న భౌతికశాస్త్రం మా పట్టికలో లేదు. పుస్తకంలోని అంకె బాగా ఎండిన కట్టెది. అప్పుడే కొట్టిన కట్టెలో సగం బరువు నీళ్లే. ఆ నీళ్లను మరిగించి ఆవిరి చేస్తేగాని కట్టె వేడెక్కదు. కిలో నీటికి 2,500 కిలోజౌళ్ల పైనే పడుతుంది. లెక్క కట్టండి: కిలో పచ్చికట్టెలో అరకిలో అసలు కట్టె, దాన్నుంచి తొమ్మిది వేల కిలోజౌళ్లు. అందులోంచి నీటి ఖర్చు పన్నెండు, పదమూడు వందలు తీసేస్తే మిగిలేది ఏడువేల ఏడొందల ప్రాంతం. అంటే పచ్చి తుమ్మ కట్టె పట్టికలో ఎక్కడ పడుతుంది? పిడకల గడిలో. అదే కట్టెను పేర్చి, గాలి ఆడేలా ఆరబెట్టి, నీటిపాలు ఇరవై శాతానికి దింపితే కిలోకు పద్నాలుగు వేలకు దగ్గరగా వస్తుంది. అంటే అదే చెట్టు, అదే తూకం, వేడి మాత్రం దాదాపు రెట్టింపు.

పోయింది వేడి ఒక్కటే అయితే ఇంత బాధపడనక్కర్లేదు. కట్టె బరువులో నాలుగింట మూడు వంతులు వేడి తగలగానే వాయువులై పైకి లేస్తాయి. మనం చూసే మంట ఆ వాయువులు కాలడమే. చుట్టూ చాలినంత వేడీ, చాలినంత గాలీ ఉంటే అవి శుభ్రంగా కాలిపోతాయి. తడి మంటను చల్లారిస్తే కాలకుండానే పైకి పోతాయి. దాన్నే పొగ అంటున్నాం. అంటే ఆమె కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది ఆమె డబ్బు పెట్టి కొన్న ఇంధనమే. బొగ్గులో ఆ వాయువుల పాలు తక్కువ, మిగిలిన కర్బనం కిందనుంచి గాలి తగిలితేనే కాలుతుంది. అందుకే కుంపటికి ఇనప చువ్వలు, కట్టెకు మూడు రాళ్లు. ఇంత చక్కని పాఠాన్ని కిటికీ తెరిచి చూపించి చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇక్కడ మా వాళ్లు ఒక మాట అంటారు: మన చేతుల్లో ఏముంది, సిలబస్ పైనుంచి వస్తుంది కదా అని. నిజమే. కానీ మా చేతికింద చదువుకుని వెళ్లిన వాళ్లను చూడండి. మా బడుల నుంచే పాలిటెక్నిక్‌లకు వెళ్లారు, ఇంజినీరింగ్ చేశారు, రామగుండంలో, పాల్వంచలో, ఇబ్రహీంపట్నంలో, పరవాడలో థర్మల్ కేంద్రాల్లో చేరారు. అక్కడ బొగ్గుకు జరిగే సేవ చూసి తీరాలి. మిల్లుల్లో పౌడరంత మెత్తగా రుబ్బుతారు. గాలిని ముందే వేడిచేసి దాంతోపాటు కొలిమిలోకి ఊదుతారు. లోపలికి గాలి తోయడానికి ఒక పెద్ద ఫ్యాను, అది ఎఫ్‌డీ. పొగను బయటికి లాగడానికి ఇంకో ఫ్యాను, అది ఐడీ. మధ్యలో బూడిదను కరెంటుతో ఆకర్షించి పట్టే ఈఎస్‌పీ గదులు. ఆపైన ఆకాశాన్నంటే చిమ్నీ. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ప్రతి క్షణం మీటరులో కనిపిస్తుంది. నలభై పాళ్ల మన్ను ఉన్న బొగ్గును కూడా నిలబడి మండించే విద్య అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

అదే కట్టెకు? ఎఫ్‌డీ ఫ్యాను ఒక ఆడమనిషి ఊపిరి. ఐడీ ఫ్యాను లేదు. ఈఎస్‌పీ కూడా ఆమె ఊపిరితిత్తులే.

కాబట్టి కట్టె, బొగ్గు అనే పోటీ మేము పెట్టిన తీరే దొంగ పోటీ. ఒక పక్క వేల కోట్ల పొయ్యి, ఇంకో పక్క మూడు రాళ్లు. మూడు రాళ్ల పొయ్యిలో పాత్రకు చేరేది మంట వేడిలో పదో వంతో, కాస్త ఎక్కువో. థర్మల్ కేంద్రంలో మూడో వంతు కరెంటవుతుంది. ఈ తేడాలో ఇంధనం వాటా ఎంత, పొయ్యి వాటా ఎంత అని అడగాల్సింది సైన్సు టీచరు. పొయ్యి గురించి ఆలోచించడం మా ఉద్యోగానికి కొంచెం తక్కువ పనిలా అనిపించింది. వంటిల్లు సైన్సు కాదు, హోంసైన్సు.

ఆలోచించినవాడు లేకపోలేదు, అదీ మన హైదరాబాద్‌లోనే. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల్లో ఒక పొగలేని పొయ్యి తయారుచేశారు. సంస్థ పేరు పొడి అక్షరాలతో దానికి హెర్ల్ పొయ్యి అని పేరు. మట్టితో కట్టుకునేదే. ఒకే మంట మీద వరసగా పాత్రలు, చివర పొగగొట్టం. ఆ గొట్టం ఉచితంగా దొరికే ఐడీ ఫ్యాను: వేడిగాలి పైకి లేస్తూ పొగను లాగుతుంది, ఆ లాగుడుకు కిందనుంచి తాజాగాలి వచ్చి మంటకు తగులుతుంది, ఊదుగొట్టం పని తప్పుతుంది. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిల్లు కావాలని ఆయన పుస్తకం కూడా రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రపంచంలో ఈ విషయం మీద పనిచేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వారిలో ఒకరు మన ఊరాయన. ఎడిసన్ పుట్టిన తేదీ అడిగితే చెప్పే మా పిల్లలకు ఆయన పేరు మేము చెప్పలేదు. చెప్పడానికి మాకూ తెలియదు. చాలామందిమి రిటైరయ్యాక, తీరిగ్గా చదువుకుంటుంటే తగిలిన పేరది.

తర్వాత ప్రభుత్వం 1983లో దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచామంది, 2002లో మూసేసింది. పంచిన వాటిలో చాలావరకు గొట్టం మసి పట్టి పూడుకుపోయి, ఒకటి రెండేళ్లకే మూలన పడ్డాయి. మసి దులపడం ఎవరూ నేర్పలేదు, విరిగిన గొట్టం దొరికే దుకాణం లేదు. ఊరికో సైన్సు టీచరున్న దేశంలో గొట్టం దులపమని చెప్పే మనిషి కరువయ్యాడు. జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగాం, ఓటర్ల జాబితాలకు తిరిగాం, పల్స్ పోలియోకి తిరిగాం. పొయ్యి కోసం ఎవరూ తిరగమనలేదు, మేమూ తిరగలేదు.

కిటికీ మూయడానికి ఇంకో కారణం ఉంది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఏ ఇంధనం ఏ పొయ్యికి సరిపోతుందో మన ఊళ్లలో తెలిసినవాళ్లు బోలెడుమంది. కొలిమి దగ్గర కమ్మరి కట్టెబొగ్గు తప్ప వాడడు, ఎందుకంటే ఇనుము ఎర్రబడాలంటే పొగలేని నిలకడ వేడి కావాలి. ఆవం పేర్చే కుమ్మరికి తొందరపడే మంట పనికిరాదు, నిదానంగా రగిలే చెత్తా, పిడకలూ కావాలి. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా కూచునే మనిషి అయిదారు రోజులపాటు గదిలో వేడిని మెట్టుమెట్టుగా ఎక్కించాలి. మొదట ఆకు పసుపు తిరిగేదాకా సన్నగా, ఆఖర్న ఈనె ఎండేటప్పుడు డెబ్భై డిగ్రీల దగ్గరగా. ఆ మనిషి తడి కట్టె ముట్టడు. కిలో ఆకు పదును కావడానికి నాలుగైదు కిలోల కట్టె పడుతుంది కాబట్టి కట్టెలో నీళ్లెన్ని ఉన్నాయో చేత్తో ఎత్తి చెప్పగలడు. ఇస్త్రీబండి మనిషికి ఏ బొగ్గు నిప్పురవ్వలు చిమ్మి బట్ట కాలుస్తుందో తెలుసు. వీళ్లలో ఒక్కరినైనా మా దహనం పాఠానికి పిలిచామా? వాళ్ల పిల్లలే మా ఎదుట కూచున్నారు. వాళ్ల ఇళ్లలో ఉన్నది కులవృత్తి అనుకున్నాం, మా పుస్తకంలో ఉన్నదే చదువు అనుకున్నాం. అసలు వాళ్లలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో, బోర్డు దగ్గర నిలబడ్డ మాలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లమో చూస్తే ఆ అనుకోవడం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది.

అలాగని ఇప్పుడు కొందరు చేస్తున్నట్టు కట్టెకు హారతిపట్టడానికీ నేను సిద్ధంగా లేను. హైవే పొడుగునా ‘కట్టెల పొయ్యి నాటుకోడి’ బోర్డులు చూస్తున్నాం. రుచి కోసం నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి తిని వస్తున్నాం. వెనక రేకుల షెడ్డులో దగ్గుతున్నదెవరో తొంగి చూడం. పర్యావరణం పేరుతో కట్టెకు కితాబులిచ్చే మిత్రులకు ఒక లెక్క: అదే వేడికి కట్టె వదిలే బొగ్గుపులుసు వాయువు రాక్షసిబొగ్గు వదిలే దానికంటే కాస్త ఎక్కువే. కొట్టిన చెట్టు స్థానంలో మళ్లీ చెట్టు పెరిగితేనే ఆ లెక్క సరిపోతుంది. పెరుగుతున్నదా లేదా అన్నది అడవి దగ్గర చూడాలి, బోర్డు మీద కాదు.

2019లో మన దేశంలో గాలి కాలుష్యం మూలంగా చనిపోయినవాళ్లు 16.7 లక్షల మందని ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’ పత్రికలో పరిశోధకులు అంచనా కట్టారు. అందులో దాదాపు ఆరు లక్షల మంది ఇళ్లలోని పొగ వల్ల పోయినవాళ్లు. బయటి గాలి వల్ల పోయినవాళ్లు ఇంకా ఎక్కువమంది, అందులో థర్మల్ చిమ్నీలకూ వాటా ఉంది. కట్టె, బొగ్గు రెండూ చంపుతున్నాయి. తేడా ఒకటే: కట్టె వండే మనిషినే చంపుతుంది, బొగ్గు ఎక్కడో ఉన్నవాళ్లను చంపుతుంది. ఆ ‘ఎక్కడో’ అన్నదాన్నే మేము అభివృద్ధి అని పాఠం చెప్పాం.

ఆ ఎక్కడో ఉన్నవాళ్లు మాకు కనపడలేదని అనలేం. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దని బీల అనే చిత్తడి నేలల్లో నిలబడ్డ రైతుల మీదా మత్స్యకారుల మీదా పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. మరుసటేడు ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. ఆ రోజుల్లో స్టాఫ్‌రూముల్లో జరిగిన చర్చ నాకు బాగా గుర్తు: “కరెంటు కావాలంటే ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.” బీలలో ఏం పండుతుందో, ఆ నీటి మీద ఎన్ని ఊళ్లు బతుకుతాయో అడగలేదు. బూడిద ఎక్కడ పోస్తారో అంతకన్నా అడగలేదు. కట్టె బూడిదైతే గిన్నెలు తోముతాం, చిక్కుడుపాదు మీద పేనుబంకకు చల్లుతాం, మడిలో వేస్తే పొటాష్ అవుతుంది. బొగ్గు బూడిద ఇసుకా అల్యూమినా కలిసిన పొడి. కొంత సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది, మిగిలింది చెరువు కట్టి నిలవచేయాల్సిందే. ఎండాకాలం గాలి లేస్తే బూడిద చెరువుల పక్క ఊళ్లలో ఆరేసిన బట్టల మీద, తెరిచిన అన్నం కుండ మీద పేరుకునేది అదే.

ఇప్పుడు చాలామంది ఇళ్లలో గ్యాసుంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి తొంభైకి పైగా, ఆంధ్రలో ఎనభైకి పైగా కుటుంబాలు శుభ్రమైన ఇంధనం మీద వండుకుంటున్నాయి. సంతోషమే. ఇందులో మా వాటా ఏమీ లేదు. పొగ గురించి మేము చెప్పిన పాఠం విని ఎవరూ గ్యాసుకు మారలేదు, ఆడవాళ్లు అడిగి తెచ్చుకున్నారు. గ్యాసు వచ్చిన బడుల్లో కూడా సిలిండరు అయిపోయిన రోజున, పెద్ద గుండిగ ఎక్కించాల్సిన రోజున మూడు రాళ్లు మళ్లీ వెలుస్తూనే ఉన్నాయి. అడ్డుగా మా కిటికీ ఉండనే ఉంది.

ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాదొక మనవి. ఆ పట్టిక చెప్పొద్దనను, చెప్పండి. చెప్పేముందు రెండు తూకాలు వేయించండి. అడితి నుంచి వచ్చిన కట్టెముక్క ఒకటి ఈ రోజు తూచి, ఎండలో పెట్టి, రెండు నెలలకు మళ్లీ తూచండి. తగ్గిన బరువంతా వంటామె ఊపిరి పెట్టి ఆవిరి చేయాల్సిన నీరని పిల్లలకు చెప్పండి. బొగ్గు పట్టణాల్లో ఉన్నవాళ్లు ఒక పెళ్లను తూచి, పూర్తిగా కాల్చి, మిగిలిన రాయిని తూయించండి. ఆ అంకెల్ని పుస్తకంలోని అంకెల పక్కన రాయించండి, పుస్తకానికి సరిపోకపోయినా రెండు మార్కులూ వేయండి.

ఇంకొకటి. జూన్ పన్నెండున బడులు తెరుస్తారు, ఆ వెంటే వానలు. కట్టెలతో వండే బడి మీదైతే, ఏప్రిల్‌లోనే హెడ్మాస్టరు గారితో మాట్లాడి వానాకాలం కట్టెలు కొనిపించండి, నేలకు జానెడు ఎత్తున రాళ్ల మీద పేర్పించండి, పైన రేకు వేయించండి. వంటషెడ్డుకు ఒక పొగగొట్టం పెట్టించండి, అది కప్పు దాటి పైకి రావాలి. నెలకోసారి దాని మసి దులిపే పని ఎవరిదో రాసి పెట్టండి. ఎంత ఖర్చవుతుందో, గొట్టం ఎక్కడ పెడితే ఇబ్బంది లేకుండా ఉంటుందో, కమిటీలో తీర్మానం రాసేముందు వంటామెనే అడగండి.